పాత డీజిల్ కారు ఇంజెక్షన్ పంపు కారుతుంటే సీళ్లు మార్చడం ఎలా

ఇంజిన్‌కు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు కారుతోందంటే కొత్త పంపు వేయాల్సిందేనా అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువసార్లు అక్కర్లేదు. లోపలి ఉక్కు భాగాలు బాగానే ఉంటాయి, వాటి మధ్య ఉన్న రబ్బరు గట్టిపడి డీజిల్‌ను ఆపలేకపోతుంది. పాత పంపుల్లో వేసింది నైట్రైల్ రబ్బరు. ఏళ్ల తరబడి వేడికి అది బిగుసుకుపోతుంది. పాత డీజిల్‌లో కొద్దిగా ఉబ్బి గట్టిగా కూర్చున్న ఆ రింగులు, గంధకం తగ్గించిన ఇప్పటి డీజిల్‌లో కుంచించుకుపోతాయి. అందుకే నిన్నటిదాకా పొడిగా ఉన్న పంపు ఉన్నట్టుండి చెమర్చడం మొదలుపెడుతుంది.

ఇక్కడ చెప్పేది మెకానికల్ బాష్ వీఈ రకం రోటరీ పంపు గురించి. 1980లు, 90ల నాటి చాలా యూరప్, జపాన్ డీజిల్ కార్లలో ఉన్నది ఇదే, లేదా దీని లైసెన్సు మీద తయారైనది. గుర్తుపట్టడం సులువు: ఇంజెక్టర్లకు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) వెళ్లే సన్న స్టీలు పైపులన్నీ పంపు వెనక వైపు గుండ్రటి హెడ్ చుట్టూ బిగించి ఉంటాయి. లూకాస్ రోటరీ పంపు పైకి ఇలాగే కనిపించినా దాని సీళ్లు వేరు, విప్పే తీరు వేరు. కామన్ రైల్ ఇంజిన్‌కు (ఒకే ఉమ్మడి గొట్టంలో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఉండే కొత్త రకం) ఇందులో ఏదీ వర్తించదు, ముఖ్యంగా పైపు నట్లు వదులు చేసి గాలి తీసే పద్ధతి అక్కడ ప్రాణాంతకం.

ముందు ఎక్కడ కారుతోందో తేల్చండి

ఈ పని వదిలేసి నేరుగా సీల్ కిట్ కొనేవాళ్లే ఎక్కువ. డీజిల్ పంపు ఒంటి మీద పాకుతూ కిందికి దిగి అడుగున చుక్క కడుతుంది. చుక్క కనిపించిన చోటు లీకైన చోటు కాదు.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పంపును డిగ్రీజర్‌తో, బ్రష్‌తో కడిగి గాలి కొట్టి ఆరబెట్టండి. వేడిగా ఉన్న పంపు మీద చల్లటి నీళ్లు కొట్టకండి. హెడ్‌కూ, అందులో డీజిల్‌ను నెట్టే కడ్డీ అయిన ప్లంజర్‌కూ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది, పై భాగం ఒక్కసారిగా కుంచించుకుంటే పంపు పట్టేస్తుంది.

2. ఆరిన పంపు మీద టాల్కం పౌడర్ పలచగా చల్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో పది నిమిషాలు ఉంచండి, మధ్యలో ఒకటి రెండుసార్లు రేస్ చేయండి. బెల్ట్ తిరుగుతున్నంతసేపు వేళ్లు, బట్టలు దూరంగా ఉంచండి. ఆపేశాక టార్చి, చిన్న అద్దంతో చూడండి. తడిసిన గీతల్లో అన్నిటికంటే పైన మొదలైనదే మీకు కావలసిన చోటు.

3. పంపును తప్పుపట్టే ముందు ఇంజెక్టర్ల మధ్య ఉండే సన్నటి నూలు అల్లిక రిటర్న్ పైపులు, పంపు మీది ఇన్, అవుట్ బాంజో బోల్టుల (డీజిల్ లోపలి నుంచే పారే బోలు బోల్టులు) కాపర్ వాషర్లు, ఫిల్టర్ పైపు క్లిప్పులు చూడండి. పగిలిన రిటర్న్ పైపు నుంచి పడే డీజిల్ పంపు మీదికి జారి, పంపే కారుతున్నట్టు కనిపిస్తుంది. అర గంటలో అయిపోయే పనికి పంపు విప్పిన సందర్భాలు లెక్కలేనన్ని.

4. బయటికి ఏమీ కారకపోయినా, రాత్రంతా ఆపి ఉంచిన కారు పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోకపోతే అదీ సీల్ లోపమే కావచ్చు. నడుస్తున్నప్పుడు పంపు లోపల కొన్ని బార్ల ఒత్తిడి ఉంటుంది, కాబట్టి డీజిల్ బయటికి వస్తుంది. ఆగాక డీజిల్ బరువుకు ట్యాంకు వైపు జారుతూ అదే సందులోంచి గాలిని లోపలికి లాగుతుంది. పంపు ఇన్‌లెట్ దగ్గర, రిటర్న్ దగ్గర కొన్నాళ్లు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి చూడండి. ఇన్‌లెట్ పైపులో బుడగలు వస్తుంటే లోపం పంపుకి ముందే ఉంది. ఇన్‌లెట్ శుభ్రంగా ఉండి, తెల్లారేసరికి రిటర్న్‌లో గాలి కనిపిస్తే పంపు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

వీఈ పంపు కారే చోట్లు సుమారుగా ఈ వరుసలో ఉంటాయి: యాక్సిలరేటర్ లివర్ షాఫ్ట్, పై మూత గాస్కెట్, హెడ్ ఓ-రింగ్, ముందు షాఫ్ట్ ఆయిల్ సీల్. తర్వాతివి స్టాప్ సోలినాయిడ్ (ఇంజిన్ ఆపడానికి డీజిల్‌ను మూసే విద్యుత్ వాల్వు), డెలివరీ వాల్వులు (ఇంజెక్టర్ పైపులు బిగించే చోట ఉండేవి), హెడ్ మధ్య ప్లగ్, కోల్డ్ స్టార్ట్ లివర్, టైమింగ్ పిస్టన్ పక్క మూతలు.

కావలసినవి

మీ పంపు నేమ్‌ప్లేట్ మీది నంబరుకు సరిపోయే సీల్ కిట్. రింగులు వైటాన్ రబ్బరువై ఉండాలి. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉన్నంత మాత్రాన వైటాన్ కాదు, ప్యాకెట్ మీద రాసి ఉండాలి. పంపు ముందు వైపు షాఫ్ట్ సీల్ కూడా ఆ కిట్‌లోనే ఉందో లేదో చూసుకోండి. వీఈ పంపుల్లో షాఫ్ట్ 17 మి.మీ.దీ ఉంటుంది, 20 మి.మీ.దీ ఉంటుంది.

పైపు నట్లకు 17 మి.మీ. స్పానర్, వీలైతే పక్కన చీలిక ఉన్న పైపు స్పానర్. సోలినాయిడ్‌కు 24 మి.మీ. రింగ్ స్పానర్. అలెన్, టార్క్స్ బిట్లు, టార్క్ రెంచ్. కొన్ని పంపుల పై మూతకు మూడు పలకల తలతో ఒక తాళపు బోల్టు ఉంటుంది, దానికి తగిన సాకెట్ ముందే చూసుకోండి. సన్నటి గీత గీయడానికి స్క్రైబర్, ప్లాస్టిక్ లేదా ఇత్తడి కొక్కెం, నూలు రాలని గుడ్డ, పైపు చివర్లు మూయడానికి మూతలు, ట్రే, లీటరు శుభ్రమైన డీజిల్, కొత్త కాపర్ వాషర్లు. ముందు షాఫ్ట్ సీల్ మార్చాలంటే పుల్లీ పుల్లర్, టైమింగ్ పిన్నులు, డయల్ గేజ్ కూడా.

చేతికి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఇంజెక్టర్‌కు వెళ్లే డీజిల్ ఒత్తిడి వంద బార్లు దాటుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా ఆ పైపుల దగ్గర లీకును వేలితో వెతికితే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అలా జరిగితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి డీజిల్ దూరిందని చెప్పండి.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పంపును మళ్లీ కడగండి, ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా హెడ్ గీసుకుపోతుంది. అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. లివర్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత, హెడ్‌కూ పంపు బాడీకీ కలిపి ఒక గీత, పంపు ఫ్లాంజ్‌కూ ఇంజిన్ బ్రాకెట్‌కూ కలిపి ఒక గీత గీయండి. మార్కర్ గీత డీజిల్ తగిలితే చెరిగిపోతుంది, స్క్రైబర్‌తోనే గీయాలి. పంపు కింద ఆల్టర్నేటర్ గానీ రబ్బరు మౌంట్ గానీ ఉంటే ప్లాస్టిక్ కవరు కప్పండి.

యాక్సిలరేటర్ షాఫ్ట్, పై మూత

ఈ రెండూ ఒకేసారి మార్చండి, ఎలాగూ మూత లేపాలి. పంపు ఇంజిన్ మీదే ఉండగా చేయొచ్చు.

1. లివర్ నట్టు విప్పే ముందు గీత మరోసారి చూడండి. లివర్ పళ్ల షాఫ్ట్ మీద కూర్చుంటుంది. ఒక్క పన్ను తప్పినా ఐడ్లింగ్ ఎక్కువైపోతుంది, లేదంటే బండి లాగదు. కింద స్ప్రింగు ఏ కొక్కెంలో ఏ చివర ఉందో ఫొటో తీసి, లివర్, స్ప్రింగు, వాషర్లు తీసిన వరుసలోనే పేర్చి పెట్టండి.

2. రిటర్న్ పైపు తీయండి. అవుట్ బోల్టును వేరే సంచిలో పెట్టి పేరు రాయండి. దాని లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, ఇన్‌లెట్ బోల్టులో ఉండదు. ఇవి తారుమారైతే పంపుకు డీజిల్ అందదు, లోపలి ఒత్తిడి నిలవదు, టైమింగ్ అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ డీజిల్‌ను ముందుగా చిమ్మించే ఏర్పాటు) పనిచేయదు. సీళ్లు మార్చాక బండి నీరసించిందనే ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం.

3. మూతకున్న నాలుగు బోల్టులు తీయండి. షాఫ్ట్‌ను బొటనవేలితో కిందికి నొక్కి పట్టి, మూతను నిటారుగా లేపండి. షాఫ్ట్ లోపలే గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే ఏర్పాటు) స్ప్రింగుకు తగిలించుకుని ఉండిపోవాలి. మూతతో పాటు పైకి వస్తే స్ప్రింగు సాగిపోతుంది. టర్బో పంపుల్లో మూత మీద డయాఫ్రం గిన్నె ఉంటుంది. డయాఫ్రం ఏ దిక్కుకు ఉందో గుర్తు పెట్టకుండా దాన్ని తీయకండి, తిప్పి పెడితే డీజిల్ పరిమాణం మారిపోతుంది.

4. మూత వెనక ఉన్న ఫుల్ లోడ్ స్క్రూ (గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది) జోలికి వెళ్లకండి. అదే కారుతుంటే, బయటికి ఉన్న పొడవును కాలిపర్‌తో కొలిచి, ఎన్ని చుట్లు తిప్పారో రాసుకుని, రింగు మార్చి అదే కొలతకు తెండి.

5. షాఫ్ట్ మీది పాత ఓ-రింగు తీసి, కొత్తదాన్ని డీజిల్‌లో తడిపి ఎక్కించండి. కొన్ని షాఫ్టులకు రెండు రింగులుంటాయి. షాఫ్ట్ మీద తుప్పు చారలుంటే చాలా సన్నటి ఎమరీతో చుట్టూ రుద్దండి, నిలువుగా రుద్దితే ఆ గీతల వెంటే మళ్లీ కారుతుంది.

6. షాఫ్ట్‌ను ఖాళీ మూతలో పెట్టి పక్కలకు ఊపి చూడండి. చేతికి తెలిసేంత ఆట ఉంటే అల్యూమినియం రంధ్రం అరిగిందన్నమాట. కొత్త రింగు కొన్ని వారాలే నిలుస్తుంది. మూతకు కొత్త బుష్ వేయించాలి, లేదా మంచి మూత తేవాలి. ఈ పరీక్ష చేయకుండా ఎన్నిసార్లు రింగులు మార్చినా లాభం లేదు.

7. గాస్కెట్ కూర్చునే చోట్లు రెండూ గుడ్డతో తుడవండి. బ్లేడుతో గీకకండి, పేస్టు రాయకండి. సిలికాన్ పేస్టు డీజిల్‌కు మెత్తబడి ముక్కలై లోపలికి పోతుంది.

8. మూత దించేటప్పుడు ఫుల్ లోడ్ స్క్రూ లోపలి లివర్‌కు తగిలి, బోల్టు రంధ్రాలు కొద్దిగా పక్కకు జరిగినట్టు ఉంటాయి. చేత్తో నెట్టి కలపండి, బోల్టులతో లాగి కలపాలని చూస్తే గాస్కెట్ నలిగిపోతుంది. బోల్టులు చిన్నవి, అల్యూమినియంలో ఉన్నవి. ఎదురెదురుగా కొద్దికొద్దిగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి.

పై మూత మీద వైర్ల సాకెట్ ఉంటే అది ఎలక్ట్రానిక్ పంపు. మూత కింది క్వాంటిటీ అడ్జస్టర్ వెంట్రుక వాసి కదిలినా డీజిల్ పరిమాణం మారి స్టార్టింగ్ దెబ్బతింటుంది. డయాగ్నొస్టిక్ పరికరం లేనివాళ్లు దాన్ని విప్పకపోవడమే మంచిది.

హెడ్ ఓ-రింగ్

హెడ్, బాడీ కలిసే సందులో చుట్టూ తడి కనిపిస్తే ఇదే. పంపు దించకుండా మార్చే పద్ధతి ఉంది, చాలామంది చేస్తారు. ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైన దశ కూడా ఇదే. హెడ్ వెనక ప్లంజర్ స్ప్రింగులు దాన్ని బయటికి నెడుతుంటాయి. హెడ్ మరీ బయటికి వస్తే గవర్నర్ లివర్ చివరి గుండు, ప్లంజర్ మీద డీజిల్ పరిమాణాన్ని నిర్ణయించే కంట్రోల్ స్లీవ్ లోంచి జారిపోతుంది. బయటి నుంచి చూస్తే తెలియదు. స్టార్ట్ చేయగానే ఇంజిన్ అదుపు లేకుండా రేస్ అవుతుంది.

1. ఇంజెక్టర్ పైపులు నాలుగూ క్లిప్పులు విప్పకుండా ఒకే కట్టగా తీయండి. పంపు చివర, ఇంజెక్టర్ చివర వెంటనే మూతలు పెట్టండి. హెడ్ మీద ఎ, బి, సి, డి అక్షరాలుంటాయి, ఏ పైపు ఏ అక్షరానికో రాసుకోండి.

2. హెడ్ కింద వెనక బ్రాకెట్ ఉంటే తీయండి. సోలినాయిడ్ వైరు తీయండి. రింగు దాటడానికి అడ్డమైతే సోలినాయిడ్‌నే విప్పండి, లోపలి పిస్టన్, స్ప్రింగు జారిపోకుండా చూసుకోండి.

3. హెడ్ బోల్టులు నాలుగూ సమంగా, ఒక్కొక్కటి అర చుట్టు చొప్పున వదులు చేయండి. ఇప్పుడే ఏ ఒక్కటీ పూర్తిగా తీయకండి. సందు 4, 5 మి.మీ. తెరుచుకుంటే చాలు, అంతకు మించి వెళ్లకండి. ఈ దశ నుంచి హెడ్ తిరిగి బిగించేదాకా ఇంజిన్ తిప్పకూడదు, బండి తోయకూడదు.

4. పాత రింగును కొక్కెంతో పైకి లాగి కోసి తీయండి. ఉక్కు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గాడిలో గీత పడుతుంది, ఆ గీతే రేపటి లీకు. గాడిని గుడ్డతో తుడిచి, కొత్త రింగును డీజిల్‌తో తడిపి, హెడ్ వెనక నుంచి సాగదీసి దాటించండి. బోల్టులు అడ్డమొస్తే ఒక్కటి మాత్రమే తీసి, రింగును కిందికి లాగి, అది తిరిగి బిగించాకే రెండోది తీయండి. రింగు మెలి తిరగకుండా గాడిలో చుట్టూ వేలితో తడిమి చూడండి.

5. ఒక చేత్తో హెడ్‌ను తిన్నగా నెడుతూ, బోల్టులను ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున బిగించండి. సందు చుట్టూ సమంగా మూసుకోవాలి. మధ్యలో గట్టిగా అనిపిస్తే ఆగండి. రింగు నలుగుతుండవచ్చు, లేదా లోపల ఏదో పక్కకు జరిగి ఉండవచ్చు.

హెడ్ పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చిందా? అక్కడితో ఆపి, పంపు దించి టెస్ట్ బెంచ్ (పంపును విడిగా తిప్పి పరీక్షించే యంత్రం) ఉన్న వర్క్‌షాపుకు పంపండి. లోపలి షిమ్ములు (సందు సరిచేసే పలచటి బిళ్లలు) జారిపోయి ఉంటే ఊహించి పెట్టేవి కావు.

డెలివరీ వాల్వు దగ్గర తడి ఉంటే హోల్డర్లను ఒక్కొక్కటిగా విప్పి వాషర్ మార్చండి. లోపలి వాల్వు, దాని సీటు ఒక జోడీ, పక్క సిలిండర్ దానితో కలపకూడదు. ఫోక్స్‌వ్యాగన్ మెకానికల్ పంపుల్లో ఈ హోల్డర్లకు 45 న్యూటన్ మీటర్లు, ఇంజెక్టర్ పైపు నట్లకు 25. మిగతా బండ్లకు మాన్యువల్ చూడండి.

ముందు షాఫ్ట్ సీల్

టైమింగ్ కవర్ లోపల డీజిల్ వాసన, తడిసిన బెల్ట్ దీని గుర్తు. గేరుతో తిరిగే పంపుల్లో ఈ లీకు బయటికి కనిపించదు, ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే బండి నడపకండి.

1. ఒకటో సిలిండర్‌ను టాప్ డెడ్ సెంటర్‌కు (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే స్థానం) తెచ్చి, క్యామ్, పంపు పుల్లీలకు పిన్నులు పెట్టి లాక్ చేయండి. బెల్ట్ తీయండి. డీజిల్ తగిలిన బెల్ట్ మళ్లీ వేయకూడదు.

2. పుల్లీని పుల్లర్‌తోనే లాగండి, సుత్తితో కొడితే షాఫ్ట్ దెబ్బతింటుంది. ఫోక్స్‌వ్యాగన్ టీడీఐ పంపుల్లో పుల్లీ మూడు బోల్టులతో హబ్‌కు ఉంటుంది. ఆ మూడే విప్పాలి, మధ్య నట్టు ఎప్పుడూ విప్పకూడదు. విప్పితే పంపు మూల సెట్టింగే పోతుంది.

3. షాఫ్ట్ కీ బిళ్ల జారిపోకుండా తీసి దాచండి. షాఫ్ట్‌ను పైకీ కిందికీ ఊపండి. ఆట తెలిస్తే లోపలి బుష్ అరిగింది, కొత్త సీల్ ఎక్కువ రోజులు నిలవదు, పంపు బెంచ్‌కు వెళ్లాల్సిందే.

4. పాత సీల్ ఎంత లోతున ఉందో కొలిచాకే కొక్కెంతో తీయండి. షాఫ్ట్‌కు గీత పడకూడదు. కీ గాడి మీద పలచటి టేపు చుట్టి, సీల్ స్ప్రింగు ఉన్న వైపు పంపు లోపలికి ఉండేలా పెట్టి, అంతే వ్యాసమున్న సాకెట్‌తో సమంగా నొక్కండి. తర్వాత టేపు తీయడం మరవకండి.

5. పంపు కదిలి ఉంటే ఫ్లాంజ్ గీతలు కలిపితే బండి స్టార్ట్ అవుతుంది గానీ టైమింగ్ సరిగ్గా ఉందని కాదు. హెడ్ మధ్య ప్లగ్ తీసి డయల్ గేజ్ పెట్టి, ప్లంజర్ ఎత్తును మీ ఇంజిన్‌కు ఇచ్చిన విలువకు సరిచేయండి. బెల్ట్ వేశాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి.

గాలి తీయడం

1. ఫిల్టర్‌ను శుభ్రమైన డీజిల్‌తో నింపండి. పంపు అవుట్ రంధ్రంలోంచి నిండేదాకా డీజిల్ పోసి బోల్టు బిగించండి. పొడి పంపును సెల్ఫ్‌తో తిప్పకండి, దానికి డీజిలే లూబ్రికేషన్.

2. హ్యాండ్ ప్రైమర్ ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. లేకపోతే రిటర్న్ వైపు చేతి వాక్యూమ్ పంపుతో, బుడగలు ఆగేదాకా లాగండి.

3. ఇంజెక్టర్ల దగ్గర నట్లు అర చుట్టు వదులు చేసి, చుట్టూ గుడ్డ కప్పి, పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టండి. నిమిషం ఆగి మళ్లీ కొట్టండి, లేదంటే స్టార్టర్ కాలిపోతుంది. డీజిల్ చిమ్మగానే నట్లు బిగించండి. గ్లో ప్లగ్ వేడి చేసి స్టార్ట్ చేయండి.

హెడ్ విప్పి ఉంటే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి సోలినాయిడ్ వైరు దగ్గర, చేతిలో గాలి దారిని మూసే చెక్కతో సిద్ధంగా ఉండాలి. ఇంజిన్ రేస్ అయితే వైరు పీకాలి, ఆగకపోతే చెక్క అడ్డం పెట్టాలి. అరచేయి పెట్టకూడదు.

పని సరిగ్గా అయిందా?

స్టార్ట్ అయిన మొదటి రెండు నిమిషాలు తడబడితే కంగారు పడకండి, మిగిలిన గాలి పోతోంది. పది నిమిషాల తర్వాత కూడా తడబడితే పైపు నట్టు ఒకటి వదులుగా ఉండొచ్చు, లేదా పైపుల వరుస తప్పి ఉండొచ్చు.

ఐడ్లింగ్ మునుపటిలా ఉందా, యాక్సిలరేటర్ వదలగానే లివర్ చివరిదాకా వెనక్కి వస్తోందా, తాళం చెవి తిప్పగానే ఇంజిన్ ఆగుతోందా చూడండి. ఐడ్లింగ్ మారితే ముందు లివర్ గీత చూడండి, ఐడ్లింగ్ స్క్రూ తిప్పి తప్పును కప్పెట్టకండి. నల్లపొగ కొత్తగా వస్తుంటే ఫుల్ లోడ్ స్క్రూ లేదా డయాఫ్రం కదిలింది. తెల్లపొగ, గట్టి చప్పుడు అయితే టైమింగ్ చూడండి.

పంపును ఆరబెట్టి మళ్లీ పౌడర్ చల్లి, ఐడ్లింగ్‌లోనూ, 2500 ఆర్‌పీఎం దగ్గరా చూడండి. వేగం పెరిగేకొద్దీ పంపు లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఐడ్లింగ్‌లో దొరకని లీకు అక్కడ బయటపడుతుంది. రాత్రంతా ఆపి, పొద్దున మొదటి సెల్ఫ్‌కే అందుకుంటే గాలి లాగడం లేదని అర్థం. వంద కిలోమీటర్లు తిరిగాక బాంజో బోల్టులు, పైపు నట్లు, మూత అంచు మరోసారి పొడి గుడ్డతో తుడిచి చూడండి. డీజిల్ తాగి ఉబ్బిన కూలెంట్ పైపులు, ఇంజిన్ మౌంట్ రబ్బర్లు కనిపిస్తే అవి కూడా మార్చేయండి.